తమ్ముడి పింఛన్ ఆపుతామని నోటీసొచ్చింది, అప్పు చేయాలా?

బాపట్ల జిల్లా పల్లె నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న: "మా తమ్ముడికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. సదరం సర్టిఫికెట్లో వైకల్యం 55 శాతం అని ఉంది, నెలకు 6,000 పింఛన్ వస్తోంది. మళ్లీ పరీక్షకు పిలిచి ఈసారి 35 శాతం వేశారు, పింఛన్ ఆపుతామని నోటీసిచ్చారు. అమ్మ బీపీ, షుగర్ మాత్రలు, సరుకులు అన్నీ ఆ డబ్బుతోనే. ఊళ్లో ఒకాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోనా, లేక ఇంకా ఎనిమిది నెలలున్న నా లక్ష రూపాయల చీటీ పాడేసుకోనా?"

అమ్మా, అప్పు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నోటీసు బయటికి తీసి, మీ చేతికి ఏ రోజు అందిందో దాని మీదే పెన్నుతో రాసుకోండి. అప్పీల్ గడువు అందులోనే ఉంటుంది. మీ ఇంటికి ఇప్పుడు అన్నిటికన్నా విలువైనది ఆ గడువే, అది దాటిపోతే మీ దగ్గర ఎంత న్యాయమున్నా మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వస్తుంది.

నోటీసు రాగానే పింఛన్ పోయినట్టు కాదు. మనిషి బతుకుదెరువు మీద దెబ్బపడే నిర్ణయం తీసుకునే ముందు అతని మాట వినాలని మన కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల కేసులో 1985లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. దగ్గరి ఉదాహరణ కావాలంటే తెలంగాణ రేషన్ కార్డులు. అక్కడ దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి, కంప్యూటర్ లెక్కలు చూసి, నోటీసు కూడా ఇవ్వకుండా తీసేశారని కోర్టుకెళ్లారు, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. కార్డు పోయాక అన్నేళ్లు ఆ ఇళ్లలో బియ్యం ఎలా కొనుక్కున్నారో తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది, అందుకే ఆపకముందే అడ్డుపడమని చెబుతున్నాను.

మీరు పల్లెలో ఉన్నారు కాబట్టి అప్పీల్ ఎంపీడీఓ గారికి పెట్టాలి, పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కి. తెల్ల కాగితం మీద మామూలు తెలుగులో రాస్తే చాలు: పాత శాతం ఎంత, కొత్త శాతం ఎంత, కాలు పరిస్థితి అప్పటికీ ఇప్పటికీ ఏమీ మారలేదు, మళ్లీ మెడికల్ బోర్డుతో పరీక్ష చేయించండి, తేలేదాకా పింఛన్ ఆపకండి, ఒకవేళ ఆపితే ఆ నెలల బకాయిలు కూడా ఇప్పించండి. బకాయిల మాట తప్పకుండా రాయండి, చాలామంది ఇది మర్చిపోతారు. పాత సదరం, పాత ఆసుపత్రి చీటీల జిరాక్సులు జతచేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. "రేపు రామ్మా" అంటే అక్కడే కూర్చోండి, కుదరకపోతే పోస్టాఫీసుకెళ్లి స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. 2025లో ఇలా నోటీసులొచ్చినప్పుడు అప్పీల్ పెట్టుకున్నవాళ్లకు పరిశీలన అయ్యేదాకా పింఛన్ ఇస్తామని ప్రభుత్వమే చెప్పింది, కాబట్టి మీ చేతిలో ఆ ముద్ర కాపీ ఉండాలి.

అప్పీల్లోనూ కాదంటే, లేదా మీ మాట వినకుండానే ఆపేస్తే, హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్, వేయొచ్చు. దానికి లాయరు ఫీజు కోసం అప్పు చేయొద్దు. మీ తమ్ముడి లాంటి దివ్యాంగులకు, మీలాంటి ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదంటే 15100కి ఫోన్ చేయండి. 35 శాతం ఎలా వేశారో ఆ పరీక్ష కాగితాలు కావాలని సమాచార హక్కు దరఖాస్తు కూడా ఇప్పుడే పెట్టేయండి.

ఇక డబ్బు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. నెల నెలా 6,000 చొప్పున ఆరు నెలలు తెచ్చుకుంటే అసలు 36,000, వడ్డీ 3,780, ఆ తర్వాత ఊరికే కూర్చున్నా నెలకు 1,080 వడ్డీ. పింఛన్ తిరిగొచ్చినా ఆరో వంతుకు పైగా ఆయనకే పోతుంది. వద్దు. చీటీ కూడా ఇప్పుడే పాడొద్దు, మీకు కావాల్సింది నెలకు ఆరువేలు, పాట నష్టం పడేది మాత్రం మొత్తం లక్ష మీద. డ్వాక్రా సంఘంలో ఉంటే పొదుపులోంచి చిన్న అప్పు అడగండి, ఒక్కో నెలకు సరిపడా మాత్రమే. అమ్మ బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, అక్కడ లేనివి జన ఔషధి షాపులో చాలా తక్కువకు దొరుకుతాయి. ఈ ఒక్క మార్పుతో నెలకు ఎంత మిగిలిందో చూశాకే అప్పు ఎంత కావాలో లెక్కేయండి. మూడు నెలలైనా ఏమీ తేలకపోతే అప్పుడు చీటీ గురించి నాకు మళ్లీ రాయండి, నెలకు ఎంత కడుతున్నారో, పాట ఎంతకు పోతోందో కూడా రాయండి.