పాత ఫైలు తిరిగి ఎక్కిస్తే కారు మరచిపోతుందా?

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం టర్బో పెట్రోల్ ఇంజను, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు ఉన్న కారు కొన్నాను. ఇంజనును నడిపే కంప్యూటరైన ఈసీయూను రీమ్యాప్ చేసి, అంటే అందులోని సాఫ్ట్‌వేరు ఫైలును మార్చి రాసి, అదనంగా 30 బీహెచ్‌పీ శక్తి రాబడతానని, సర్వీసుకు ఇచ్చే ముందు పాత ఫైలు తిరిగి ఎక్కిస్తే షోరూము వారికి ఏమీ తెలియదని బెంగళూరులోని ఒక ట్యూనర్ అంటున్నాడు. ఇంజను లెక్కలు చూసుకోవడానికి స్టీరింగు కింది పోర్టుకు తగిలించే ఒక చిన్న బ్లూటూత్ డాంగిల్ ఇచ్చి, దాన్ని ఎప్పుడూ తగిలించే ఉంచమన్నాడు. వారంటీ ఇంకా రెండేళ్లకు పైగా ఉంది. అతని మాట నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

నమ్మవద్దు. ఈ నెలలో ఇదే ప్రశ్న నాకు రావడం నాలుగోసారి. రెండు ఉత్తరాలు తిరుపతి నుంచి, ఒకటి పలమనేరు నుంచి, ఇప్పుడు మీది. ఊళ్లు మారినా ‘షోరూము వారికి తెలియదు’ అన్న మాట మాత్రం నాలుగింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఉంది. అందువల్ల రీమ్యాప్ అంటే ఏమిటో చెప్పే పని పక్కన పెట్టి ఆ మాట సంగతే చూద్దాం.

ఈసీయూలోకి ఫైలు రాసిన ప్రతిసారీ, నేటి కార్లలో చాలావాటిలో, ఎన్నిసార్లు రాశారన్న లెక్క ఒకటి పెరుగుతుంది. పాత ఫైలును తిరిగి ఎక్కించడమూ రాయడమే కనుక, ఆనవాలు చెరిపేస్తున్నానని చెప్పే ట్యూనర్ నిజానికి రెండో ఆనవాలును వదిలి వెళతాడు. కంపెనీ సర్వరులో ఒక్క అప్‌డేటు మాత్రమే నమోదై ఉండి, కారు లోపల మూడని చూపిస్తే, మిగిలిన రెండూ ఎవరు రాశారని అడగడానికి సర్వీసు ఇంజనీరుకు పెద్ద చదువు అక్కరలేదు. దీనికి తోడు ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో ఎంత పీడనం దాకా వెళ్లింది, ఇంజను ఎన్నిసార్లు నాక్ అయింది (ఇంధనం వేళ తప్పి మండింది) వంటి వివరాలను కొన్ని ఈసీయూలు దాచిపెట్టుకుంటాయి. ఫైలు జోలికి వెళ్లకుండా సెన్సరుకు, ఈసీయూకు మధ్య తగిలించే ట్యూనింగ్ బాక్సు ఇంతకంటే భద్రమని కొందరు అంటారు. సెన్సరు చెప్పే పీడనాన్ని తక్కువ చేసి చూపించి ఈసీయూను మోసగించడమే దాని పని. అయితే లోపలికి వెళ్లిన గాలికీ, చెప్పిన పీడనానికీ పొంతన కుదరనప్పుడు ఈసీయూ ఆ తేడాను లోపంగా నమోదు చేయగలదు, బాక్సు ఊడదీసినంత మాత్రాన ఆ నమోదు పోదు.

నిరుడు వేసవిలో, రీమ్యాప్ చేయించుకున్న ఒక మిత్రుని కారు భాకరాపేట ఘాటులో గేర్లు మారక మొరాయించింది. సర్వీసు సెంటరుకు నేను కూడా వెళ్లాను. టెక్నీషియన్ వాదనకు దిగలేదు, ల్యాప్‌టాప్ తెరను మా వైపు తిప్పి, కంపెనీ రికార్డులోని అంకె మీద ఒకసారి, కారులోని అంకె మీద ఒకసారి వేలు పెట్టి ఊరుకున్నాడు. మా మిత్రుడు అంతకు వారం ముందే పాత ఫైలు ఎక్కించుకుని నిశ్చింతగా ఉన్నాడు. గేర్‌బాక్సు ఖర్చంతా అతని మీదే పడింది.

గేర్‌బాక్సే ఎందుకు పోయిందన్నది కూడా తెలుసుకోదగినదే. 250 న్యూటన్ మీటర్ల టార్కుకు (చక్రాలను తిప్పే బలానికి) మాత్రమే తయారైన, నూనెలో మునగని పొడి క్లచ్ గేర్‌బాక్సుకు రీమ్యాప్ చేసిన ఇంజను అంతకు మించిన టార్కును పంపితే, క్లచ్ ప్లేట్లు జారి వేడెక్కుతాయి. ఘాటు ఎక్కుతూ, ఆగుతూ, మళ్లీ కదిలే ప్రయాణంలో, అదీ మన చిత్తూరు ఎండల్లో, ఆ వేడి చల్లారే వ్యవధి దొరకదు. ట్యూనర్లు బీహెచ్‌పీ గురించి గంటసేపు చెబుతారు కానీ, గేర్‌బాక్సు ఎంత టార్కును తట్టుకుంటుందని అడిగితే మాట మార్చేస్తారు.

రీమ్యాప్ చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందన్న భయం అతిశయోక్తే. అద్దాల మోటారు పాడైతే దాన్ని మార్చి ఇవ్వాల్సిందే. పోయేది ఇంజను, టర్బో, గేర్‌బాక్సులకు ఉన్న రక్షణ, అంటే వారంటీలో ఖరీదైన భాగమంతా. పెట్టిన పరికరం వల్లనే చెడిపోయిందని కంపెనీయే చూపించాలని వీడియోల్లో చెప్పే మాట అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టానికి సంబంధించినది. ఆ చట్టం చిత్తూరులో పనికిరాదు. ఇక్కడ వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు కానీ, రీమ్యాపుకూ ఆ లోపానికీ సంబంధం లేదని నిపుణుని నివేదికతో నిరూపించే భారం ఆచరణలో మీ మీదే పడుతుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాటను గట్టిగా చెప్పింది. 182ఏ సెక్షను కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. రీమ్యాప్ కంటికి కనబడదు కానీ, దానికి జతగా అంటగట్టే సైలెన్సరు చెవికి బాగానే వినబడుతుంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు క్లెయిము వేసిన రోజున బయటపడితే దాని కథ వేరు.

అయినా ఆ 30 బీహెచ్‌పీని ఎక్కడ వాడతారు? తిరుమల ఘాటు రోడ్డులో 28 నిమిషాల లోపు పైకి చేరినా, 40 నిమిషాల లోపు కిందికి దిగినా జరిమానా వేస్తారు.

వారంటీ పోతే డబ్బుతో పోతుంది, నన్ను అంతకంటే కలవరపెట్టేది ఆ డాంగిల్. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ పోర్టుకు (కారు లోపాలను చదవడానికి వాడేది) బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందుతుంది కనుక, చాలా కార్లలో తాళం వేసి వెళ్లినా డాంగిల్ మేలుకునే ఉంటుంది. అలిపిరిలో కారు నిలిపి మెట్లదారిన కొండకు వెళ్లిన వాళ్ల వాహనాల వరుసలో ఒక రాత్రి నడిచి చూడండి, ఏదో ఒక కారులో స్టీరింగు కింద చిన్న నీలం దీపం వెలిగి ఆరుతూ కనబడుతుంది. చవక డాంగిళ్లలో చాలావాటి పిన్ 1234 గానీ 0000 గానీ అయి ఉంటుంది, దాన్ని మార్చుకునే వీలే ఉండదు. పక్కన నిలబడిన వాడు ఫోనుతో జతచేసుకుంటే, కారు లోపలి కంప్యూటర్లు మాట్లాడుకునే తీగలోకి దారి దొరికినట్టే. 2015లో కాలిఫోర్నియా పరిశోధకులు ఇదే పోర్టుకు తగిలించిన ఒక చిన్న పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, కారు వైపర్లను ఆడించారు, నెమ్మదిగా వెళుతున్నప్పుడు బ్రేకులను పనిచేయకుండా ఆపారు. కొత్త కార్లలో ఇలాంటి చొరబాటును అడ్డుకునే కాపలా గేట్‌వే మధ్యలో ఉంటుంది కానీ, మీ కారులో అది ఉందో లేదో షోరూములో ఎవరినైనా అడిగి చూడండి, నోరు వెళ్లబెడతారు.

ట్యూనర్ ల్యాప్‌టాప్ సంగతి ఇంకో మెట్టు పైనుంది. అందులోని సాఫ్ట్‌వేరు దొంగకాపీ అయితే, దానితోపాటు ఏ మాల్‌వేరు వచ్చిందో అతనికే తెలియదు. ఈసీయూ నుంచి పూర్తి కాపీ తీసినప్పుడు మీ ఛాసిస్ నంబరు, కొన్ని కార్లలో ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేనిదే ఇంజను కదలకుండా ఆపేది) వివరాలు కూడా అతని దగ్గర మిగిలిపోతాయి. ఇంటి తాళంచెవి నకలును ముక్కూమొహం తెలియని వాడి దగ్గర ఉంచమంటే మీరు ఉంచుతారా?

తప్పంతా కారు యజమానులదేనని నేను అనను. ఒకే ఇంజనును సాఫ్ట్‌వేరు తేడాతో రెండు శక్తులలో అమ్మి, ఎక్కువ శక్తికి ఎక్కువ ధర పెట్టే పద్ధతిని తయారీదారులే నేర్పారు, తక్కువ ధర పెట్టినవాడు మిగిలినదాన్ని బయట వెతుక్కోవడంలో వింత లేదు. సర్వీసులో వాళ్లు చేసే అప్‌డేటులో ఏం మార్చారో బిల్లులో ఒక్క ముక్క రాయరు. నా కారు నా గురించి రాసుకున్న చిట్టాను నేను చదవలేను, నా వారంటీని కాదనడానికి మాత్రం వాళ్లు చదవగలరు. ఫోను అప్‌డేటుకు సైతం ఏం మారిందో పది పంక్తులు రాసే కాలంలో, లక్షలు పోసి కొన్న వాహనానికి ఆ పాటి మర్యాద దక్కడం లేదు.

మీ విషయానికి వస్తే, రీమ్యాప్ ఆలోచనను వారంటీ ముగిసేదాకా వాయిదా వేయండి. డాంగిల్‌ను మాత్రం ఈ సాయంత్రమే ఊడదీసి, దాని కోసం ఫోనులో వేసుకున్న యాప్‌ను తొలగించే ముందు, అది మీ లొకేషనుకూ కాంటాక్టులకూ ఎందుకు అనుమతి అడిగిందో ఒకసారి సెట్టింగులలో చూసుకోండి.