పోకెమాన్ రెడ్ మ్యూజిక్ ఇన్నేళ్లయినా ఎందుకు గుర్తుంటుందంటే

పోకెమాన్ రెడ్ గేమ్ ఆడి పదిహేనేళ్లయింది, కథ సగం మర్చిపోయాను, మ్యూజిక్ మాత్రం ఒక్క ముక్క మర్చిపోలేదు, ఇది చిన్నప్పటి ఇష్టమేనా లేక ఆ మ్యూజిక్‌లో నిజంగా సరుకుందా అని అడిగారు కదా. సరుకుంది. చిన్నప్పటి ఇష్టం నాకూ ఉంది, కాదనను, కానీ అదొక్కటే అయితే ఆ గేమ్ ఎప్పుడూ చూడని మా పిన్నికి అది ఎక్కకూడదు. ఎక్కింది. ఆ సంగతి కింద చెప్తాను.

మా అన్నయ్య 2004లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్ నుంచి ఆ గేమ్‌ని ఫ్లాపీలో పట్టుకొచ్చాడు. ఇంగ్లీష్ వెర్షన్ మొత్తం 1 ఎంబీ, 1.44 ఎంబీ ఫ్లాపీలో పెడితే ఇంకా చోటు మిగిలింది. 151 పోకెమాన్లు (మనం పట్టుకుని పోటీకి దింపే జీవులు), ఊళ్లు, గుహలు, మాటలు, పాటలు అన్నీ అందులోనే. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క ఎంపీ3 పాటే దానికి మూడు నాలుగింతలుంటుంది. అంటే అందులో రికార్డు చేసిన పాట ఏదీ లేదు, ఏ స్వరం ఎప్పుడు ఎంతసేపు మోగాలో రాసి పెట్టుకున్న లెక్క మాత్రమే ఉంది. దాన్ని మోగించడానికి గేమ్ బాయ్‌లో (ఈ గేమ్ ఆడే చేతిలో పట్టే మెషీన్) నాలుగే గొంతులు: రెండు కీచుగా పలికేవి, కొంచెం మెత్తగా మార్చుకోగలిగేది ఒకటి, తాళం కోసం బుస్సుమనేది ఒకటి. జునిచి మసుదా ఆ గేమ్ మ్యూజిక్ అంతా ఈ నాలుగింటితోనే చేశాడు. వెనక నలభై వయొలిన్లు పెట్టి బలహీనమైన ట్యూన్‌ని కప్పేసే వీలు ఆయనకు లేదు, అందుకే ప్రతి గొంతుకీ విడిగా పాడుకోగలిగే పాట ఇచ్చాడు. మనకు గుర్తుండిపోయింది అదే.

ఆ నాలుగు గొంతుల్నే అరుపులకీ, దెబ్బల శబ్దాలకీ కూడా వాడాలి. మన పోకెమాన్ ప్రాణం అయిపోవచ్చినప్పుడు ఒకటే మోత వస్తుంది చూడండి, అది మోగినంతసేపూ ఒక కీచు గొంతుని లాగేసుకుంటుంది, పాటలో ఆ భాగం మాయమైపోతుంది. చిన్నప్పుడు స్పీకర్ వైరు వదులైందనుకుని కదిపేవాణ్ణి. ఆ టెన్షన్‌లో సగం మోతది, సగం పాట కుంటినడక నడవడానిది. పోకెమాన్ల అరుపులు కూడా అంతే, అసలు ఉన్నవి 38 మాత్రమే, వాటినే శ్రుతి మార్చి, నిడివి మార్చి 151కి సర్దారు. చారిజార్డ్‌దీ రైహార్న్‌దీ అయితే ఒకే అరుపు!

ఇక లావెండర్ టౌన్. చనిపోయిన పోకెమాన్లని పాతిపెట్టే టవర్ ఉన్న ఊరు, దయ్యాలుండేది అక్కడే. ఆ పాట వింటే పిల్లలు చనిపోయారని నెట్‌లో తిరిగేది కట్టుకథ, పట్టించుకోకండి. కానీ భయం నిజమే, నేను ఆ ఊరు రాగానే సౌండ్ తగ్గించేసేవాణ్ణి.

ఎందుకు భయమేస్తుందో మా పిన్ని చెప్పింది. నల్లకుంటలో ఇంట్లోనే పిల్లలకి సంగీతం చెప్తుంది. ఇంజనీరింగ్ సెలవుల్లో ఆవిడ హార్మోనియం మీద ఆ పాట మొదట్లో తిరిగే నాలుగు స్వరాలు నొక్కి చూపించాను. ఆవిడ వెంటనే "స, ప, ని, మ... ప్రతి మధ్యమం, అంటే కాస్త పైకి పలికే మ. ఇది కల్యాణి రాగం స్వరాలేగా, మరి ఇలా ఉందేంట్రా?" అంది. ఇంకో నాలుగుసార్లు వాయించమంది. కళ్లు మూసుకుని వింది. తర్వాత తనే అందుకుంది: "చూడు, ప్రతి మధ్యమం దాకా వస్తే మనసు దాని పైనుండే పంచమం, అంటే ప, కోసం ఎదురుచూస్తుంది. వీడు పంచమం ఇవ్వకుండా మళ్లీ షడ్జమానికి, అంటే సకి, దూకేస్తున్నాడు. ఆగడానికి చోటు లేదు." ఆ మధ్యమం తర్వాత తనే ఒక పంచమం పట్టుకుని, గమకం వేసి నిలబెట్టింది. అంతే, భయం పోయింది. ఒక్క స్వరంతో! నాకు ఒళ్లు ఝల్లుమంది.

గేమ్‌లో ఆ పంచమం రాదు. ఆ నాలుగు స్వరాలు అలా తిరుగుతూనే ఉంటాయి, వాటితో పొసగని ఇంకో పాట పక్కనే నడుస్తుంది.

మీరే పరీక్షించుకోండి. కొన్ని ఎమ్యులేటర్లలో (గేమ్ బాయ్ ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాములు) సౌండ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే నాలుగు ఛానళ్లనీ, అంటే పైన చెప్పిన నాలుగు గొంతుల్నీ, విడివిడిగా ఆపొచ్చు. లావెండర్ టౌన్‌లో నిలబడి, ఆ నాలుగు స్వరాలు తిరిగే ఛానల్ ఏదో కనిపెట్టి అదొక్కటే ఆపండి. మిగిలింది దిగులుగా ఉంటుంది కానీ భయపెట్టదు. తర్వాత గేమ్ మొదలయ్యే ఊరు పాలెట్ టౌన్‌కి వెళ్లి అక్కడా ఒక్కో ఛానలే వినండి, మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంట్లో అందరూ పడుకున్నాక.