మీరడిగిన్రు, మేం చెప్తం: ఇంట్ల చెస్ ఇంజిన్లకు పోటీ పెడితే

ప్రశ్న: అన్నా నమస్తే. నాది దేవరకొండ, డిగ్రీ ఫైనలియర్. ఎండకాలం సెలవుల్ల మా పాత సిస్టంల నాలుగు చెస్ ఇంజిన్లకు, అంటే చెస్ ఆడే ప్రోగ్రాములకు, టోర్నమెంట్ పెట్టిన, గేముకు ఒక్కోదానికి 5 నిమిషాలు, ఒక్కో జంటకు 10 గేమ్‌లు. ఏ జంటను చూసినా మొదటి పది పన్నెండు ఎత్తులు ప్రతిసారీ అవే ఆడుతున్నయ్, సగానికి సగం డ్రాలే. నడుమ కరెంటు కూడ పోయింది. పట్టిక దోస్తులకు పంపితే, ఫస్ట్‌కు సెకండ్‌కు ఒక్క పాయింటే తేడా, ఇదేం గెలుపు అన్నరు. నేనేం తప్పు చేసిన?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, తప్పేం లేదు, చెయ్యాల్సింది ఇంకొంచెం మిగిలింది గంతే. మొదటి ఎత్తు నుంచి వదిలేస్తే ఇంజిన్ తనకు మంచిదనిపించిన దారిలనే పోతది, ఇయ్యాల కొత్తది ఆడుదామని దానికెందుకు అనిపిస్తది. అందుకే ఓపెనింగ్ ఫైల్ పెట్టు, అంటే ఆరేడు ఎత్తులు ఆడేసి ఉన్న పొజిషన్లు, ఒక్కోదాన్ని రెండుసార్లు ఆడించు, ఒకసారి ఇది తెల్ల పావులతోని, మల్ల అదే పొజిషన్‌ల అది తెల్ల పావులతోని. 2010ల మొదలైన టీసీఈసీ అనే ఇంజిన్ల ఆన్‌లైన్ పోటీలల్ల ఐతే, సమానమైన పొజిషన్ ఇస్తే పెద్ద ఇంజిన్లు డ్రా దాటి పోతలేవని, కావాలనే ఒక దిక్కు ఒరిగిన ఓపెనింగ్‌లు ఇస్తరు. రంగులు మార్చి ఆడిస్తరు కాబట్టి ఎవ్వరికీ అన్యాయం కాదు.

ఇగ సిస్టం. ఇంజిన్లకు పోటీ నడిపే ప్రోగ్రాముల్ల క్యూట్‌చెస్ వాడినా అరీనా వాడినా పాండర్, అంటే అవతలిదాని వంతుల కూడ ఆలోచించుడు, ఆపెయ్, లేకుంటే ఒకటి ఆలోచిస్తుంటే రెండోది కూడ ఆలోచిస్తనే ఉండి ప్రాసెసర్ గుంజుకుంటది. హాష్ (ఇంజిన్ వాడుకునే మెమరీ), థ్రెడ్లు (ఒకేసారి నడిపే లెక్కలు) అన్ని ఇంజిన్లకూ ఒక్కతీరు ఉండాలె. గేమ్‌లు నడుస్తుంటే అదే సిస్టంల వీడియోలు చూడకు. మే నెల నల్లగొండ ఎండ సంగతి నీకు చెప్పాల్నా, మధ్యాహ్నం ప్రాసెసర్ వేడెక్కి స్పీడ్ తగ్గించుకుంటది, అవే 5 నిమిషాలల్ల రాత్రి చూసినంత లోతు పగలు చూడలేదు, అందుకే నేనైతే రాత్రి పెట్టి పొద్దున్నే లేచి చూసుకుంట. కరెంటు పోతే సగంల ఆగిన గేమ్‌ను మొదటి నుంచి మల్ల ఆడించి, ఆ ముక్క రిపోర్టుల రాసెయ్. దాచకు.

మీ దోస్తులు అన్నది మాత్రం కరెక్టే. 100 గేమ్‌లల్ల 55–45 వచ్చినా ఇదే గట్టిదని ఒట్టేసి చెప్పలేం, అదృష్టంతోని కూడ అంత తేడా వస్తది. ఆ అనుమానం సగానికి తగ్గాలంటే గేమ్‌లు నాలుగింతలు పెట్టాలె. స్టాక్‌ఫిష్ అనే పేరున్న ఇంజిన్ చేసేటోళ్లు ఒక చిన్న మార్పు పనికొస్తదా లేదా అని తేల్చుకోనికి వేల గేమ్‌లు ఆడిస్తరు. నువ్వు టైం 1 నిమిషానికి దించి గేమ్‌లు పెంచు, లేదా 5 నిమిషాలే ఉంచి "ఇది ముందున్నది, ఐతే ఇంకా తేలలేదు" అని రాయి. అట్ల రాస్తే నీ పోటీ ఏం చిన్నగ కాదు, చదివేటోడు నిన్ను నమ్ముతడు.

ప్రశ్న: సార్, నేను జడ్చర్ల దగ్గర స్కూల్ల లెక్కల టీచర్‌ని. ఇట్లాంటి పోటీల గురించి స్కూల్ గోడపత్రికల రాయాలని ఉంది. పట్టిక వేస్తే పిల్లలు చూస్తలేరు, ఎట్ల రాయాలె?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: టీచర్ గారూ, పట్టిక కింద పెట్టండి, పైన ఒక్క గేమ్ పెట్టండి. పోటీ నడిపే క్యూట్‌చెస్ ప్రోగ్రాం దాచే పీజీఎన్ ఫైల్ల, అంటే గేమ్ ఎత్తులన్నీ రాసుండే ఫైల్ల, ప్రతి ఎత్తు పక్కన ఆ ఇంజిన్ ఎన్ని ఎత్తుల లోతు చూసిందో, ఎంత టైం తీసుకుందో, పొజిషన్ ఎవరి దిక్కు ఉందని అనుకుందో అన్నీ ఉంటయ్. అండ్ల ఒకటి నాకు +1.80 ఉంది, అంటే దగ్గర దగ్గర రెండు బంట్లంత పైచేయి ఉందంటుంటే అవతలిది సున్నా, ఇద్దరం సమానమే అంటున్న జాగ దొర్కవట్టండి, నాకైతే మొత్తం పోటీల ఇష్టమైన జాగ అదే, రెండిట్ల ఒకటి ఏదో చూడలేదన్నట్టు. మనుషులు ఆడిన గేమ్‌ల ఆటగాని మనసుల ఏముందో మనం ఊహించుకోవాలె, ఇక్కడ రాసే ఉంటది గదా.

పాత ముచ్చట కూడ ఒకటి కలపండి, 1974ల స్టాక్‌హోంల మొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీ జరిగితే 13 ప్రోగ్రాములు వచ్చినయ్, సోవియట్ వాళ్ల కైసా నాలుక్కి నాలుగూ గెలిచింది. పోటీ షరతులు, అంటే టైం ఎంత, ఏ సిస్టం, ఏ వెర్షన్, ఎన్ని గేమ్‌లు, ఇవి రెండు లైన్లల్ల చివర రాస్తే చాలు. ఇంజిన్లు ఒప్పుకోని ఆ పొజిషన్‌ను మాత్రం పెద్ద బొమ్మగ వెయ్యండి, తర్వాతి ఎత్తు రాయకుండ వారం పాటు అట్లనే ఉంచండి, పిల్లలు తమ ఎత్తులు చీటీల మీద రాసి పక్కన అంటిస్తరు.