పిల్లిపిల్లకు 8,000 చాలుతుంది, క్యాట్ హౌస్ జోలికి పోకపోతే

రెండు నెలల నాటు పిల్లిపిల్లను అపార్ట్‌మెంట్‌కి తెచ్చుకుంటున్నాం, చేతిలో 8,000 ఉంది, క్యాట్ హౌస్‌కి 3,500, పరుపుకి 1,500 పోతే మిగతాది చాలుతుందా అని అడిగారు. చాలదు. ఆ రెండూ కొట్టేయండి, చాలుతుంది. అట్టపెట్టెలో పాత నేత చీర మడిచి వేస్తే అదే పరుపు. గోళ్లు గీక్కోవడానికి మూడడుగుల కర్రకి గోనెసంచి బిగించి చుట్టి, కదలకుండా నిలబెట్టండి. ఊగిందంటే మళ్లీ దాని దగ్గరికి పోదు, మీ సోఫా పట్టుకుంటుంది.

మొదటి డబ్బు పిల్ల దొడ్డికి వెళ్లే ఏర్పాటుకే పెట్టాలి. మూత ఉన్న ఖరీదైన లిట్టర్ బాక్సు వద్దు. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో రెండడుగుల టబ్బు 250కి వస్తుంది. పిల్ల ఎక్కేలా ఒక పక్క మూడంగుళాల ఎత్తు మిగిల్చి కోయండి, కోసిన అంచుకి టేపు వేయండి. టబ్బులో పోసే లిట్టర్, అంటే తడి పీల్చుకునే గుళికలో మట్టో, రెండు మూడంగుళాల మందం ఉండాలి. పొదుపని అంగుళమే పోస్తే ఏమవుతుందంటే, పిల్ల ముందు కాళ్లతో రెండుసార్లు గీరుతుంది, గోళ్లు అడుగు ప్లాస్టిక్‌కి తగిలి గరగరమంటాయి, దిగిపోయి ఉతకాల్సిన బట్టల కుప్ప వెతుక్కుంటుంది. సువాసన కలిపిన రకానికీ ఇదే గతి. ఆ వాసన మన ముక్కు కోసం, పిల్లి ముక్కు కోసం కాదు. నాలుగు నెలలు నిండేదాకా తడికి గడ్డకట్టే బెంటోనైట్ మట్టి లిట్టర్ వద్దు, పిల్లలు రుచి చూస్తాయి, కడుపులో ఉబ్బుతుంది. చెక్క గుళికలు వాడండి. లిట్టర్, గరిటె కలిపి 800 అనుకోండి.

తిండికి వెయ్యి. కిలో కిట్టెన్ ఫుడ్, పది తడి పౌచ్‌లు, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం. గిన్నెలు కొనక్కర్లేదు, వెడల్పాటి స్టీలు పళ్లెం చాలు. మన ఇళ్లల్లో పిల్లి అనగానే పాలన్నం కలిపి పెట్టేస్తారు, ఇది మానాలి. ఆవుపాలు చాలా పిల్లులకి అరగవు, విరేచనాలు పడతాయి. పిల్లికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం కావాలి. అన్నంతోనే పెంచితే చూపు, గుండె దెబ్బతింటాయి.

డాక్టర్‌కి 3,000 విడిగా పెట్టండి: నట్టల మందు, ఎనిమిది, పన్నెండు వారాలకి పిల్లుల మూడు జబ్బులకి వేసే ట్రైక్యాట్ టీకా, మూడు నెలలు నిండాక రేబిస్. ప్రైవేటు క్లినిక్కుల్లో రేట్లు చోటుని బట్టి మారతాయి, ముందే ఫోన్ చేసి అడగండి. హైదరాబాద్‌లో ఉంటే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. డబ్బు మిగులుతుందని కుక్కల పిడుదుల మందు మాత్రం పిల్లికి వేయకండి. అందులో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే ప్రాణం పోతుంది. పారాసిటమాల్ కూడా అంతే, సగం మాత్రైనా.

గట్టి ప్లాస్టిక్ క్యారియర్ 1,200. తెచ్చిన రోజే తలుపు తీసి, బట్ట పరిచి గదిలో ఓ మూల ఉంచండి. టీకా రోజునే బయటికి తీస్తే దాన్ని చూసి మంచం కిందికి దూరుతుంది.

ఇవన్నీ పోను 1,700 దాకా మిగులుతుంది. అది బాల్కనీ వలకి. పావురాల కోసం కట్టే 50 ఎం.ఎం. కన్ను వలలో ఈ వయసు పిల్ల తల దూరే ప్రమాదం ఉంది, 30 ఎం.ఎం. లోపు అడగండి. కిటికీలకి దోమతెర ఒక్కటే ఉంటే నమ్మకండి, ఫ్రేముతో సహా ఊడొస్తుంది. వల పడేదాకా బాల్కనీ తలుపు గడియ వేసే ఉంచండి. ఐదారు నెలలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, దానికి ఇప్పటినుంచే నెలకి వెయ్యి పక్కన పెట్టుకోండి.