బుజ్జిని ఇంట్లోనే సాగనంపితే తప్పా?

ప్రశ్న: మా లాబ్రడార్ బుజ్జికి పదమూడేళ్లు. మూడు నెలల కిందట కిడ్నీలు పాడయ్యాయన్నారు. రోజు విడిచి రోజు సెలైన్ పెట్టిస్తున్నాం, అయినా ఏం తిన్నా వాంతి చేసుకుంటోంది. వెనక కాళ్లు లేవట్లేదు. ఇంటికే వచ్చి ఇంజెక్షన్ ఇస్తానని డాక్టర్ అంటున్నారు. మా అత్తయ్యేమో ‘పెంచిన చేతులతో చంపుకుంటామా, పాపం చుట్టుకుంటుంది’ అంటున్నారు. తొమ్మిదేళ్ల బాబుకి ఏం చెప్పాలో తెలియట్లేదు. ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతాను, ఎందుకంటే రెండేళ్ల కిందట మా రాణి విషయంలో ఆ ఒక్క మాట కోసం నేను కనిపించిన ప్రతి మనిషినీ అడిగాను. దానికీ కిడ్నీలే. ‘దానంతట అదే పోతుందిలే’ అని పది రోజులు ఆగాం. ఆ పది రోజులూ చూశాను కాబట్టి చెబుతున్నాను, ఈ జబ్బులో దానంతట అదే పోవడమంటే చాలాసార్లు నిద్రలో హాయిగా పోవడం కాదు. బయటికి పోవాల్సిన విషాలు రక్తంలో పేరుకుంటాయి, నోట్లో పుళ్లు పడతాయి, ఊపిరి అమ్మోనియా వాసన కొడుతుంది, చివర్లో ఫిట్స్ కూడా రావచ్చు. మా రాణి దాహం వేసి గిన్నె దాకా దేకుతూ వెళ్లేది, తాగితే కక్కుతానని దానికీ తెలిసిపోయిందేమో, అంచు మీద గడ్డం ఆనించి నీళ్ల వంక చూస్తూ ఉండిపోయేది. ఇంజెక్షన్ ఇప్పించినందుకు నాకు బాధ లేదు. ఆ పది రోజులు ఆగినందుకు ఇప్పటికీ ఉంది.

అత్తయ్యగారి మీద కోపం తెచ్చుకోకండి, ఆవిడదీ ప్రేమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా, ఒక జంతువును బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఉంటుందని ఒప్పుకుంది. కానీ చట్టాలు చెబితే పెద్దవాళ్లు వినరు. ఒక్క రాత్రి బుజ్జి పక్కన పడుకోమనండి.

ఎప్పుడు అన్నది తేలకపోతే ఒక పని చేయండి. అలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలత ఇచ్చారు. నొప్పి అదుపులో ఉందా, తింటోందా, నీళ్లు ఒంటబడుతున్నాయా, శుభ్రంగా ఉండగలుగుతోందా, సంతోషం ఉందా, నడుస్తోందా, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువున్నాయా అని ఒక్కోదానికి పదికి మార్కులు వేయాలి. మొత్తం 35 దాటితే ఇంకొన్నాళ్లు చూడొచ్చు. ఇంట్లో అందరూ విడివిడిగా వేసి, ఆ కాగితాలు డాక్టర్‌కి చూపించండి.

ఇంట్లోనే చేయించడం మంచిదే. ముప్పై కిలోల ఒంటిని లిఫ్ట్‌లోకి, కారులోకి మోసుకెళ్తే దానికి నొప్పి, క్లినిక్ వాసనకి వణుకు. ఇంట్లో అయితే దాని దుప్పటి మీదే. మొదట మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, పది పదిహేను నిమిషాల్లో గాఢంగా నిద్రపోతుంది. తర్వాత ముందు కాలి మీద కాస్త వెంట్రుకలు తీసి నరానికి అసలు మందు ఎక్కిస్తారు. అది ఆపరేషన్లలో వాడే మత్తుమందు లాంటిదే, డోసు చాలా ఎక్కువ. కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు మూతపడవు, మూత్రం పోవచ్చు, ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు. నాకెవరూ ముందు చెప్పలేదు, రాణి బతికే ఉందని కేక పెట్టాను. అప్పటికి దానికి ఏమీ తెలియదు, స్టెతస్కోప్ పెట్టి చూశాకే డాక్టర్ లేస్తారు.

బాబుతో ‘నిద్రపుచ్చారు’ అనకండి, రేపు వాడు పడుకోవడానికీ, ఇంజెక్షన్‌కీ భయపడతాడు. ‘బుజ్జి జబ్బు తగ్గదు, నొప్పి లేకుండా చనిపోవడానికి డాక్టర్ మందిస్తారు’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. పక్కనుంటానంటే ఉండనివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి.

పాతిపెట్టే చోటు ముందే చూసుకోండి. బీచ్ ఇసుకలో వద్దేవద్దు, కుక్కలు తవ్వేస్తాయి, పైగా ఆ మందు ఒంట్లో ఉండిపోతుంది, తిన్న జంతువులూ పక్షులూ చస్తాయి. భీమిలి వైపో ఆనందపురం వైపో తెలిసినవాళ్ల తోట ఉంటే, బావికి దూరంగా నాలుగడుగుల లోతు గొయ్యి తీయించండి. కుదరకపోతే దహనం సంగతి డాక్టర్‌నే అడగండి.

డాక్టర్ ఫీజు మాత్రం ఆయన రాగానే ఇచ్చేయండి. తర్వాత పర్సు వెతుక్కునే స్థితిలో ఉండరు.