క్లయింట్ సపోర్ట్ అంటే కాల్ సెంటర్ పనేనా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరంలో ఉంది. హైదరాబాదులోని ఒక వెల్త్ మేనేజ్‌మెంట్ (సంపన్నుల మదుపులు చూసే) సంస్థలో క్లయింట్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. అది కాల్ సెంటర్ పనేనని, నెల్లూరులో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పించడమే మేలని మా ఆలోచన. మీరేమంటారు?

జవాబు: ఫోనులో మాట్లాడటం ఈ ఉద్యోగంలో ఉంటుంది గాని, దాని బరువంతా కాగితాల మీదే ఉంటుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సేవ, అంటే మన మదుపును నిపుణుల చేత నడిపించుకునే సేవ, పొందడానికి కనీసం 50 లక్షల రూపాయలు పెట్టాలి. అంత సొమ్ము అప్పగించినవారి కేవైసీలోనో, నామినీ వివరాల్లోనో, బ్యాంకు ఖాతా మార్పులోనో తేడా వస్తే ముందుగా జవాబు చెప్పవలసింది సపోర్ట్‌లో ఉన్నవారే. షేర్లలో మదుపు చేసే ఈక్విటీ ఫండ్‌లో దరఖాస్తు, సొమ్ము రెండూ మధ్యాహ్నం 3 గంటలలోపు చేరితేనే ఆ రోజు ఎన్ఏవీ, అంటే యూనిట్ ధర, వర్తిస్తుంది కనుక, పది నిమిషాల ఆలస్యం కూడా క్లయింటుకు లెక్కే.

అన్నిటికన్నా కష్టమైనది, పని నేర్పేది ట్రాన్స్‌మిషన్, అంటే చనిపోయినవారి మదుపును వారసుల పేరుకు మార్చడం. రొయ్యల చెరువులపై సంపాదించి మదుపు చేసిన పెద్దాయన కాలం చేస్తే, ఆయన ఫండ్ యూనిట్లను అమెరికాలో ఉన్న కుమారుడి పేరుకు మార్చడానికి మరణ ధ్రువపత్రం, కుమారుడి కేవైసీ, అతని ఎన్ఆర్ఐ హోదాకు తగిన బ్యాంకు ఖాతా కావాలి. నామినీ లేకపోతే వారసత్వ పత్రాల వరకూ వెళ్లవలసి రావచ్చు. దుఃఖంలో ఉన్న ఆ ఇంటి ఇల్లాలికి ఏ కాగితం ఎందుకో తెలుగులో ఓపికగా చెప్పగలిగిన ఉద్యోగిని సంస్థ తేలిగ్గా వదులుకోదు. ఇలాంటి పనిలో రాటుదేలినవారు ఆపరేషన్స్, కంప్లయన్స్ (నిబంధనల అమలు చూసే) విభాగాలకు, కొందరు రిలేషన్‌షిప్ మేనేజర్ స్థాయికి వెళతారు.

అందువల్ల ఈ ఉద్యోగంలో చేర్పించమనే నా సలహా, అయితే ఒక షరతు మీద. నెలనెలా అమ్మకాల టార్గెట్ ఉందేమో ముందే అడగండి. ఉంటే అది సపోర్ట్ పేరు పెట్టిన సేల్స్ ఉద్యోగం, అప్పుడు మీ కోచింగ్ ఆలోచనే నయం. చేరాక సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం వారి మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ల పరీక్ష రాయించండి: రెండు గంటల్లో 100 ప్రశ్నలు, 50 శాతం వస్తే ఉత్తీర్ణత, బీకాం చదివిన పిల్లకు కష్టమేమీ కాదు. బ్యాంకు దారి కూడా మూసుకుపోదు. క్లర్కు పరీక్షకు సాధారణంగా 28 ఏళ్ల వరకు అర్హత ఉంటుంది.

ఆఫర్ లెటర్‌లో ఇంతకాలం మానకూడదనే బాండు షరతు ఉందేమో చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఇవ్వవద్దు.