వేషం కడితే ఆర్పీజీ అయిపోతాదా?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. నాకూ మా బామ్మర్దికీ నెల నుంచి ఒకటే గొడవ. జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే వీడియో గేమ్ ఆర్పీజీనే (రోల్ ప్లేయింగ్ గేమ్) అంటాడు వాడు, అందులో హీరో సీజే పాత్రలో ఆడతాం కదా రోల్ ప్లేయింగ్ అంటే అదే కదా అని. కాదని నాకు తెలుసు గానీ ఎందుకు కాదో చెప్పేదానికి రాలా. మళ్లీ అందులో యాక్షన్ ఆర్పీజీ, జేఆర్పీజీ అని ఇన్ని రకాలేందన్నా?

జవాబు: తమ్ముడూ, వేషం కడితే చాలంటే మారియో కూడా ఆర్పీజీనే, ప్లంబర్ వేషం కదా అది. ఆర్పీజీ పుట్టింది కంప్యూటర్లో కాదు, 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చినారు, బల్ల చుట్టూ కూర్చోని నీ మనిషికి బలమెంత తెలివెంత అని కాగితం మీద నంబర్లు రాసుకోని పాచికలేసేది. కత్తి ఎత్తేది నువ్వు కాదు, కాగితంలో ఉండే వాడు, దెబ్బ తగిలిందా లేదా అనేది వాని నంబరూ పాచికా కలిసి తేలుస్తాయి. నన్నడిగితే కిటుకంతా ఇక్కడే ఉంది, గెలిచింది నీ వేళ్లా, వాని నంబర్లా?

2002లో వచ్చిన మారోవిండ్ అనే కంప్యూటర్ ఆర్పీజీ ఆడి చూడు. కత్తి ఎదుటోని ఒంట్లోంచి పోయినట్లే కనపడతాది, అయినా తగల్లేదంటాది, నీ మనిషికి కత్తి స్కిల్ తక్కువని లోపల పాచిక తప్పి పడింటాది. ఫస్ట్ టైమ్ ఆడినప్పుడు మౌస్ చెడిపోయిందనుకోని కొత్తది కొన్నా నేను, నవ్వొద్దు.

మీ బామ్మర్దికి ఒక పాయింట్ మాత్రం ఇయ్యాల. సీజే జిమ్ముకు పోతే కండ పెరుగుతాది, అదేపనిగా తింటే లావైతాడు, తుపాకీ వాడేకొద్దీ చెయ్యి తిరుగుతాది, ఇవన్నీ ఆర్పీజీ సరుకే. కానీ పుట్నాల పొడి చల్లితే ఉప్మా ఉగ్గాని అయిపోదు కదప్పా, కింద బొరుగులుండాల, అంటే ఆట అడుగున ఆ నంబర్లే ఉండాల, సీజే ఆటలో అడుగున ఉండేది నీ వేళ్లే.

ఇంక రకాలంటావా, పోకెమాన్ లాగా నీ వంతు వాని వంతు అని ఆగి ఆడేది టర్న్ బేస్డ్, ఆగకుండా కొట్టుకునేది యాక్షన్ ఆర్పీజీ. 2022 నాటి ఎల్డెన్ రింగ్ ఈ రెండోదే, లెవెల్స్ ఉన్నా సరే టైముకు పక్కకు దొర్లకపోతే చచ్చినావన్నట్లే. ఆన్‌లైన్లో వేలమందితో కలిసి ఆడేది ఎంఎంఓ, 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటిది. జేఆర్పీజీ ఒక్కటే తిక్క పేరు, ఆట తీరును బట్టి కాకుండా దేశాన్ని బట్టి పెట్టింది, జే అంటే జపాన్. తమాషా ఏందంటే అమెరికా వాళ్ల విజార్డ్రీ, అల్టిమా ఆటలంటే ఇష్టపడిన జపానాయన యూజీ హోరీ వాటినే సులువు చేసి 1986లో డ్రాగన్ క్వెస్ట్ తెచ్చినాడు, దాన్ని చూసి మిగతావాళ్లు మొదలుపెట్టినారు. జేఆర్పీజీ అనే పేరు మొదట్లో వినేటప్పుడు చిన్నచూపు చూసినట్లుండేదని ఫైనల్ ఫాంటసీ 16 అనే జపాన్ ఆట ప్రొడ్యూసర్ నవోకి యోషిడా 2023లో అన్నాడు, నాకైతే అందులో న్యాయం ఉందనే అనిపించింది.

బామ్మర్దితో పందెం గానీ కాసింటే సగమే తీసుకో తమ్ముడూ, ఆ జిమ్ము పాయింట్ వానిదే.